హెలికాప్టర్ ఎత్తు రికార్డు: 12,442 మీటర్లా, 12,954 మీటర్లా?

మీరు అడిగింది ఇది: హెలికాప్టర్ చేరిన అత్యధిక ఎత్తు ఎంత అని వెతికితే ఒకచోట జాన్ బూలే అనే పైలట్ పేరుతో 12,442 మీటర్లు, మరోచోట ఫ్రెడ్ నార్త్ అనే పైలట్ పేరుతో 12,954 మీటర్లు కనిపిస్తున్నాయి. ఎవరెస్టు శిఖరం మీద హెలికాప్టర్ దిగిందని కొందరు, అది తేలని వివాదమని కొందరు అంటున్నారు. ఇందులో ఏది నమ్మాలి? పైలట్ ఎదురుగా ఆల్టీమీటర్ ఎత్తు చూపిస్తూనే ఉంటుంది కదా, ఇంకా వేరే రుజువు ఎందుకు?

ముందు జవాబు చెప్పేస్తాను. గుర్తింపు ఉన్న రికార్డు జాన్ బూలేదే: 12,442 మీటర్లు, 1972 జూన్ 21. ప్రపంచ స్థాయిలో వైమానిక రికార్డులను పరిశీలించి నమోదు చేసేది అంతర్జాతీయ వైమానిక సమాఖ్య, క్లుప్తంగా ఎఫ్‌ఏఐ. దాని పద్దులో నిలిచి ఉన్నది ఈ సంఖ్యే. 2002 మార్చి 23న కేప్‌టౌన్ మీద ఫ్రెడ్ నార్త్ ఏఎస్ 350 హెలికాప్టర్‌లో 12,954 మీటర్లకు చేరారన్న మాట చాలాచోట్ల కనిపిస్తుంది గానీ, ఆ పద్దులో బూలే సంఖ్యను అది తొలగించలేదు. ఎవరెస్టు మీద దిగడం మాత్రం జరిగింది, దానికి గుర్తింపూ వచ్చింది. అయితే అది వేరే రకం రికార్డు. ఈ మూడింటినీ ఒకే గాటన కట్టడం వల్లే సగం గందరగోళం వస్తోంది.

నేను పైలట్‌ను కాను. ఇరవై ఏళ్లకు పైగా విమాన పరికరాల విభాగంలో పనిచేశాను. ఆల్టీమీటర్లను బల్ల మీద పెట్టి సరిచూడటం, ఎత్తు ప్రదేశాల్లో పరీక్షలకు వెళ్లి వచ్చిన హెలికాప్టర్ల రికార్డర్లలోని సమాచారాన్ని తీసి లెక్కకట్టడం నా పని. అందుకే ఈ ప్రశ్న నన్ను ఊరికే ఉండనివ్వలేదు.

బూలే ప్రయాణం సంగతి ముందు చెప్పాలి. ఆయన నడిపింది ఏరోస్పాసియాల్ సంస్థ ఎస్ఏ 315బీ లామా. భారత సైన్యం హిమాలయాల్లో వాడుకోవడానికి తగిన యంత్రం కావాలని అడిగితే రూపొందించిన హెలికాప్టర్ అది. మన దగ్గర హిందుస్థాన్ ఏరోనాటిక్స్ తయారుచేసిన చీతా దాని రూపమే. మామూలు వాడకంలో లామా 5,400 మీటర్ల దాకా పనిచేస్తుందని లెక్క. దాన్ని 12,442 మీటర్లకు తీసుకెళ్లడానికి అక్కర్లేని సామగ్రినంతా పీకేశారు. దక్షిణ ఫ్రాన్సులోని ఇస్త్ర్ నుంచి బయల్దేరి, ఆక్సిజన్ పీలుస్తూ బూలే పైకి వెళ్లారు. పైన చలి సున్నాకు 60 డిగ్రీలకు పైగా దిగువన ఉంది. అత్యధిక ఎత్తుకు చేరాక ఇంజన్ ఆరిపోయింది. మళ్లీ అంటుకోలేదు. ఆయన అక్కడి నుంచి నేల దాకా ఆటోరొటేషన్‌లో దిగారు. అంటే ఇంజన్ శక్తి లేకుండా, కిందికి పడుతున్నప్పుడు ఎదురుగా వచ్చే గాలే రోటర్‌ను, అంటే పైన తిరిగే రెక్కలను, తిప్పుతూ ఉండగా దిగడం. అంత ఎత్తు నుంచి అలా దిగడం అప్పటికీ ఇప్పటికీ రికార్డే.

ఆ ప్రయాణం మీద ఎవరూ పెద్దగా పేచీ పెట్టలేదు. ఎందుకంటే అది రికార్డు కోసమే ఏర్పాటు చేసిన ప్రయాణం. రుజువుకు కావలసిన తతంగమంతా ఇంజన్ స్టార్ట్ చేయక ముందే మొదలైంది. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తాను.

ఇప్పుడు 12,954 సంగతి. ఈ సంఖ్య చూడగానే చివరి అంకె దాకా కొలిచినట్టు అనిపిస్తుంది. ఒకసారి దాన్ని అడుగుల్లోకి మార్చి చూడండి. 42,500 అడుగులను 0.3048తో గుణిస్తే సరిగ్గా 12,954 వస్తుంది. అంటే అసలు సంఖ్య 42,500 అడుగులన్న గుండు అంకె. మీటర్లలోకి మార్చినప్పుడు దానికి లేని కచ్చితత్వం వచ్చిపడింది. నిజమైన కొలత నుంచి, సవరణలన్నీ చేశాక వచ్చే ఎత్తు ఇంత గుండుగా రావడం అరుదు. 42,500 అన్నది డయలు మీద చదివిన అంకెలా ఉందన్నది నా అభిప్రాయం. అంతమాత్రాన ఫ్రెడ్ నార్త్ అక్కడికి వెళ్లలేదని నేను అనడం లేదు. అంత ఎత్తుకు హెలికాప్టర్‌ను తీసుకెళ్లి క్షేమంగా దింపడమే గొప్ప సాహసం. వెళ్లడం ఒకటి, వెళ్లినట్టు ఇంకొకరు తిరిగి లెక్కకట్టి చూసుకోగలగడం ఇంకొకటి. రికార్డు పద్దు చూసేది రెండోదాన్ని.

ఆల్టీమీటర్ కొలిచేది ఎత్తును కాదు, గాలి ఒత్తిడిని. మీ ప్రశ్నకు మూలం ఇక్కడే ఉంది కాబట్టి కాస్త నిదానంగా చెబుతాను. ఆల్టీమీటర్ లోపల గాలి తీసేసిన పలచని లోహపు డబ్బీ ఉంటుంది. చుట్టూ ఒత్తిడి తగ్గేకొద్దీ అది ఉబ్బుతుంది, ఆ ఉబ్బు పళ్లచక్రాల ద్వారా ముల్లును తిప్పుతుంది. డయలు మీద రాసిన అడుగులు ఒక ప్రామాణిక వాతావరణాన్ని ఊహించుకుని రాసినవి: సముద్రమట్టంలో 1013.25 మిల్లీబార్ల ఒత్తిడి, 15 డిగ్రీల వేడి, అక్కడి నుంచి కిలోమీటరుకు 6.5 డిగ్రీల చొప్పున తగ్గుదల, 11 కిలోమీటర్ల దగ్గర సున్నాకు 56.5 డిగ్రీల దిగువ. ఏ రోజు వాతావరణమూ సరిగ్గా ఇలా ఉండదు. గాలి ఆ లెక్క కన్నా వెచ్చగా ఉంటే మీరు ముల్లు చూపిన దానికన్నా పైన ఉంటారు, చల్లగా ఉంటే కిందే ఉంటారు.

పైకి పోయేకొద్దీ చిన్న తప్పు పెద్దదవుతుంది. సముద్రమట్టం దగ్గర ఒక మిల్లీబారు తేడా అంటే ఎత్తులో ఎనిమిది మీటర్ల పైచిలుకు. 12,442 మీటర్ల దగ్గర ప్రామాణిక ఒత్తిడి సుమారు 180 మిల్లీబార్లే. అక్కడ ఒక్క మిల్లీబారు తప్పితే ఎత్తు దాదాపు 35 మీటర్లు తప్పుతుంది. మూడు మిల్లీబార్ల తప్పు వంద మీటర్లు దాటుతుంది. కింద పట్టించుకోనక్కర్లేని తేడా పైన రికార్డునే తారుమారు చేయగలదు.

దీనికి తోడు హెలికాప్టర్‌కు మాత్రమే ఉండే చిక్కు ఉంది. బయటి ఒత్తిడిని తీసుకునే రంధ్రం యంత్రం పక్క భాగాన ఉంటుంది. రోటర్ కిందికి తోసే గాలి దాని మీదుగా పోతుంది. ముందుకు వేగంగా పోతున్నప్పుడు ఒకలా, నిలకడగా గాలిలో నిలబడినప్పుడు ఒకలా చదువుతుంది. బరువు తగ్గించడానికి తలుపులు తీసేస్తే గాలి ప్రవాహం ఇంకా మారుతుంది. రికార్డు కోసం యంత్రాన్ని వలిచేసేవాళ్లు ఈ సంగతి తరచుగా మరచిపోతారు. ముల్లు ఎంత తప్పుతుందో తలుపులతో ఎగిరి రాసుకున్న సవరణ పట్టిక తలుపులు తీసిన యంత్రానికి పనికిరాదు.

నా చేతుల మీదుగా వెళ్లిన ఒక కేసు చెబుతాను. ఒక ఎత్తు పరీక్షలో ఎడమ, కుడి ఆల్టీమీటర్లు 20,000 అడుగుల దగ్గర ఒకదానికొకటి 320 అడుగుల తేడా చూపించాయి. వెళ్లిన బృందం సహజంగానే ఎక్కువ చూపినదాన్ని నమ్మింది. రెండింటినీ విప్పి నా బల్ల మీదికి తెచ్చారు. గాజు గంటలో పెట్టి పంపుతో గాలి తీస్తూ పోతే ముల్లు పైకి తిరుగుతుంది. ప్రతి వెయ్యి అడుగులకు ఆపి, గాజు మీద గోటితో మెల్లగా తట్టి, ముల్లు కుదురుకున్నాక చదవాలి. తట్టకపోతే లోపలి రాపిడి వల్ల ముల్లు వెనకబడుతుంది. తర్వాత గాలి వదులుతూ దిగువకు వస్తూ అవే చోట్ల మళ్లీ చదవాలి. ఎక్కువ చూపిన పరికరం ఎక్కేటప్పుడు ఒక సంఖ్య, దిగేటప్పుడు ఇంకో సంఖ్య ఇచ్చింది. అయినా 320 అడుగులు మొత్తం దానివల్ల రాలేదు. మిగతాది గొట్టంలో దొరికింది: ఒత్తిడిని తెచ్చే సన్నని గొట్టం అతుకు దగ్గర మర అర చుట్టు వదులుగా ఉంది. ఆ పరికరం బయటి గాలినీ, కాక్‌పిట్ లోపలి గాలినీ కలిపి కొలిచింది. పైలట్ అబద్ధం చెప్పలేదు. ముల్లు చూపినదే చెప్పాడు.

ఇలాంటివాటి కోసమే పాత రోజుల్లో బారోగ్రాఫ్‌ను నమ్మేవారు. గడియారపు యంత్రంతో తిరిగే డోలు, దాని మీద సన్నని అల్యూమినియం రేకు. కర్పూరం వెలిగించి ఆ మసిని రేకుకు పట్టించేవారు. ఒత్తిడి మారేకొద్దీ సూది ఆ మసిలో గీత గీస్తుంది. దిగాక రేకు మీద లక్క పూస్తే గీత చెరిగిపోకుండా ఉంటుంది. ఎగరడానికి ముందు పరిశీలకుడు పెట్టెకు సీలు వేసి సంతకం చేస్తాడు, దిగాక తానే విప్పుతాడు. ఆ పెట్టెను ప్రయోగశాలకు పంపి ఏ గీత ఎంత ఒత్తిడికి సమానమో మళ్లీ సరిచూస్తారు. నేను ఈ పనిలో చేరేనాటికే ఇవి మూలన పడుతున్నాయి. మా పెద్దాయన ఒకరు నాకు ఒక రేకు చూపించారు: నల్లటి మసిలో వెంట్రుకంత తెల్లగీత ఎక్కుతూ పోయి, ఒకచోట నిలబడి, నిటారుగా దిగిపోయింది. ఆ నిలబడిన చోటే ఎత్తు. మాటల్లేని సాక్ష్యం అంటే నాకు ఇప్పటికీ అదే కళ్ల ముందు మెదులుతుంది.

ఇప్పుడు జీపీఎస్ ఉంది కదా అంటారు. నిజమే, 2000 మే నెలలో అమెరికా ఉద్దేశపూర్వకంగా కలిపే లోపాన్ని తీసేశాక పౌరుల జీపీఎస్ చాలా మెరుగైంది. కానీ రెండు జాగ్రత్తలు కావాలి. ఒకటి, నిలువు కొలతలో దాని తప్పు అడ్డ కొలత కన్నా ఎక్కువ. రెండు, జీపీఎస్ ముందుగా ఇచ్చే ఎత్తు భూమికి గీసిన గణిత రూపం నుంచి కొలిచినది, సముద్రమట్టం నుంచి కాదు. ఈ రెండింటి మధ్య తేడా కొన్ని ప్రాంతాల్లో వంద మీటర్ల దాకా ఉంటుంది. పరికరం దాన్ని సవరించిందా లేదా, ఏ పట్టికతో సవరించిందో తెలియకుండా జీపీఎస్ సంఖ్యను ఒత్తిడి ఎత్తుతో పోల్చకూడదు. అది మామిడికాయలను బస్తాలతో, పుచ్చకాయలను సంఖ్యతో లెక్కపెట్టి ఏవి ఎక్కువో చెప్పినట్టుంటుంది.

ఎవరెస్టు దగ్గరకు వద్దాం. 2005 మే 14న పైలట్ దిదియే దెల్‌సాల్ ఏఎస్ 350 బీ3 హెలికాప్టర్‌ను శిఖరం మీద దించారు. 3 నిమిషాల 50 సెకన్లు ఉన్నారు. గుర్తింపుకు కనీసం రెండు నిమిషాలు నేల మీద ఉండాలన్నది షరతు. మర్నాడు మళ్లీ వెళ్లి మళ్లీ దిగారు. నేపాల్ అధికారులు అనుమతి విషయంలో అభ్యంతరం చెప్పారు, శిఖరం మీద దిగారన్న మాటనూ ఒప్పుకోలేదు. వివాదం అన్న పేరు అక్కడి నుంచి వచ్చింది.

ఇక్కడ రెండు ప్రశ్నలు కలిసిపోయాయి. అనుమతి ఉందా లేదా అన్నది చట్టం ప్రశ్న. దిగారా లేదా అన్నది రుజువు ప్రశ్న. మొదటిదానికి ఏ జవాబు వచ్చినా రెండోది మారదు. రెండోదానికి హెలికాప్టర్‌లోని కెమెరాలు, రికార్డర్లు ఉన్నాయి. ఎఫ్‌ఏఐ వాటిని చూసి గుర్తించింది.

బూలే రికార్డుకు కావలసింది ఎత్తు రుజువు. దెల్‌సాల్ రికార్డుకు కావలసింది చోటు రుజువు. శిఖరం ఎంత ఎత్తో సర్వే శాఖలు ముందే కొలిచి పెట్టాయి. 1955లో భారత సర్వే ఇచ్చిన 8,848 మీటర్లు, 2020 డిసెంబరులో నేపాల్, చైనా కలిసి ప్రకటించిన 8,848.86 మీటర్లు, ఏది తీసుకున్నా హెలికాప్టర్ ఆల్టీమీటర్ కన్నా నమ్మదగినవే. కాబట్టి ఆ చోట హెలికాప్టర్ కాళ్లు (స్కిడ్లు) ఆనాయని తేలితే చాలు, ఎత్తు దానంతటదే వస్తుంది.

ఆల్టీమీటర్‌ను పట్టుకుని కూర్చుంటే ఇక్కడ పూర్తిగా దారి తప్పుతాం. 1981 అక్టోబరులో అమెరికా వైద్య పరిశోధన బృందం ఎవరెస్టు శిఖరం మీద గాలి ఒత్తిడిని కొలిచింది. ఒత్తిడికి ఉన్న ఇంకో కొలమానంలో 253 మిల్లీమీటర్ల పాదరసం వచ్చింది. ప్రామాణిక లెక్క ప్రకారం 236 ఉండాలి. భూమధ్యరేఖకు దగ్గరగా ఉన్న ప్రాంతాల్లో పైన గాలి మందంగా ఉండటమే కారణం. ఆ 253 ఉన్న రోజు ప్రామాణికంగా అమర్చిన ఆల్టీమీటర్‌ను శిఖరం మీద పెడితే అది దాదాపు 8,400 మీటర్లే చూపిస్తుంది! ముల్లును మాత్రమే చూసేవాడు "నువ్వు శిఖరానికి 450 మీటర్ల దిగువనే ఆగిపోయావు" అంటాడు. నిలబడిన మనిషి మాత్రం ప్రపంచపు నెత్తి మీద ఉంటాడు. ముల్లు చూపిన దానికన్నా తక్కువ ఎత్తులో ఉన్నవాళ్లూ ఉంటారు, ఎక్కువ ఎత్తులో ఉన్నవాళ్లూ ఉంటారు.

ఇంకో విభజన కూడా ఉంది. హెలికాప్టర్ ఎగబాకి ఒక్క క్షణం అందుకున్న ఎత్తు వేరు, ఒకే మట్టంలో నిలకడగా ఎగిరిన ఎత్తు వేరు. 1971 నవంబరు 4న సికోర్‌స్కీ సీహెచ్-54బీ మట్టంగా ఎగురుతూ 11,010 మీటర్లు నమోదు చేసింది. నేల మీద దిగి లేచిన ఎత్తు ఇంకొకటి: 1969లో లామా ఇద్దరు మనుషులతో హిమాలయాల్లో 7,500 మీటర్ల దగ్గర దిగి లేచింది. బరువు తరగతులు మళ్లీ వేరు. ఎవరైనా "రికార్డు" అంటే ముందు ఏ వరుసలోదో అడగండి.

రికార్డు వరుసలో ఎక్కడా పేరు లేని ప్రయాణాల మీద నాకు ప్రత్యేకమైన గౌరవం ఉంది. 1996 మే 13న నేపాల్ సైన్యానికి చెందిన మదన్ ఖత్రీ ఛెత్రీ, ఎవరెస్టు దారిలోని ఖుంబు మంచుగడ్డల వాలు పైన, 6,000 మీటర్లు దాటిన చోట తన హెలికాప్టర్‌ను దింపి పర్వతారోహకులు మకాలు గౌను, తర్వాత బెక్ వెదర్స్‌ను తీసుకొచ్చారు. ఆ పలచని గాలిలో ఇద్దరినీ ఒకేసారి లేపలేక రెండుసార్లు వెళ్లారు. 2013లో పైలట్ మౌరిజియో ఫోలిని ఎవరెస్టు మీద 7,800 మీటర్ల దగ్గర నుంచి పొడవాటి తాడుకు కట్టి ఒక పర్వతారోహకుణ్ని కిందికి చేర్చారు. ఇక్కడ సీలు వేసిన పెట్టెలు, పరిశీలకులు లేరు. ఉన్న సాక్ష్యం బతికి వచ్చిన మనుషులు. ఎత్తులో వంద మీటర్ల తేడా వచ్చినా ఆ పని విలువ తగ్గదు.

రికార్డు పద్దులోకి ఎక్కాలంటే మాత్రం దారి వేరు. ఎవరైనా ఎత్తు రికార్డు సాధించామని కాగితాలు పట్టుకొస్తే నేను మొదట చూసేది వీడియో కాదు. ఎగిరిన తర్వాత చేసిన పరికరాల సరిచూత పత్రం చూస్తాను. ఎగరక ముందు చేసినది అందరి దగ్గరా ఉంటుంది. అంత చలిలో, కుదుపుల్లో తిరిగి వచ్చాక ఆ పరికరం ఎలా ఉందన్నదే అసలు విషయం. తర్వాత బయల్దేరినప్పటి నుంచి దిగేదాకా తెగకుండా ఉన్న రికార్డు. ఆ తర్వాత ఆ రోజు ఆ ప్రాంతంలో బెలూన్‌తో తీసిన పైగాలి వేడి, ఒత్తిడి వివరాలు. యంత్రంలోని వాళ్లకు సంబంధం లేని పరిశీలకుడి సంతకం. చివరగా, దేశపు వైమానిక క్లబ్బు ద్వారా గడువులోగా దరఖాస్తు వెళ్లిందా లేదా. మంచి ప్రయాణాలు చాలా వరకు ఈ చివరి మెట్టు దగ్గరే ఆగిపోతాయి. కొత్త సంఖ్య పాతదాన్ని నిర్ణీత శాతం మేరకు దాటాలన్న నియమం కూడా ఉంటుంది. కొలతల్లో ఉండే తప్పు కన్నా తేడా ఎక్కువ ఉండాలి కదా.

తెగిన రికార్డు గురించి ఇంకో మాట. ఒకసారి ఒక బృందం ఎంతో కష్టపడి ఎక్కి వచ్చింది. రికార్డర్ తెరిచి చూస్తే పైన ఉన్న చివరి నాలుగు నిమిషాలు లేవు. విడిగా పెట్టిన బ్యాటరీ చలికి చచ్చిపోయి, దిగేటప్పుడు వేడెక్కాక మళ్లీ లేచింది. గీత ఎక్కుతూ ఎక్కుతూ ఆగి, మళ్లీ దిగుతూ మొదలైంది. మధ్యలో ఏముందో ఊహించవచ్చు, రాయకూడదు. పైలట్ ఫోనులో తీసిన ఫొటో ఇచ్చాడు, డయలు గాజు మీద ఎండ మెరుపు పడి ముల్లు కనబడలేదు. అతను చెప్పింది నిజమని నాకు మనస్ఫూర్తిగా నమ్మకం. అయినా నివేదికలో రికార్డర్ ఆగేముందు నమోదైన ఎత్తే రాశాను. అతని ముఖం చూస్తూ ఆ కాగితం మీద సంతకం పెట్టడం నాకు చాలా కష్టమైంది. ఇప్పుడు మళ్లీ అదే పరిస్థితి వచ్చినా అదే రాస్తాను.

మీరు అడగకపోయినా చాలామంది అడిగేది: యాభై ఏళ్లు దాటినా ఇప్పటి ఇంజన్లతో బూలే సంఖ్యను ఎందుకు దాటలేదు? ఇంజన్ శక్తి ఒక్కటే అడ్డంకి కాదు. అక్కడ గాలి సాంద్రత నేల మీది దానిలో నాలుగో వంతు కన్నా తక్కువ. రోటర్ రెక్కలు అదే బరువును మోయాలంటే ఎక్కువ కోణంలో గాలిని కోయాలి, అలా పెంచుతూ పోతే వెనక్కి వెళ్లే రెక్క మీద గాలి విడిపోయి, పైకెత్తే బలం పోతుంది. ఇంకోవైపు చలికి ధ్వని వేగం సెకనుకు 340 మీటర్ల నుంచి 295 మీటర్లకు పడిపోతుంది కాబట్టి ముందుకు వెళ్లే రెక్క అంచు దాన్ని తొందరగా సమీపిస్తుంది. నడపగలిగే వేగాల మధ్య సందు సన్నబడుతూ చివరికి మూసుకుపోతుంది.

మనిషి సంగతి ఇంకా కఠినం. 180 మిల్లీబార్ల ఒత్తిడిలో మాస్కుతో స్వచ్ఛమైన ఆక్సిజనే పీల్చినా, ఊపిరితిత్తుల్లో నీటి ఆవిరి 63 మిల్లీబార్లు ఎప్పుడూ ఆక్రమించుకుని ఉంటుంది, బొగ్గుపులుసు వాయువు ఇంకొంత. మిగిలే ఆక్సిజన్ నేల మీద ఆరోగ్యవంతుడి ఊపిరితిత్తుల్లో ఉండేదానిలో ఇంచుమించు సగం. మాస్కు కాస్త జారితే స్పృహ సెకన్లలో పోతుంది. దాన్ని తప్పించడానికి గాలి బిగించిన కాక్‌పిట్టో, ఒత్తిడి సూటో పెడితే బరువు పెరుగుతుంది, బరువు పెరిగితే ఎత్తు తగ్గుతుంది. బూలే ఆ యంత్రంలోంచి పీకేసిన ప్రతి కిలో వెనక ఈ లెక్కే ఉంది.